రెండో కడియం

(కర్నూలులో ఒక వ్యాయామ అధ్యాపకుని స్మృత్యర్థం చేసిన ఉపన్యాస పాఠం)



సార్ పేరు మీద మాట్లాడమని అడిగినప్పుడు, ఆయన గుణగణాలు పొగడటం నాకు చేతకాదు, ఆయన జీవితమంతా అడిగిన ఒక ప్రశ్న గురించి మాట్లాడతానని నిర్వాహకులకు ముందే చెప్పుకున్నాను. సార్ దగ్గర ఒక పొడుగాటి లెడ్జరు ఉండేది. కాలేజీల మధ్య జరిగే కుస్తీ పోటీల్లో గెలిచిన ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, చదివే తరగతి, బరువు అందులో ఎక్కించేవారు. ఆ మాత్రం ఏ పీడీ అయినా రాస్తాడు. సార్ మాత్రం ప్రతి పేరు పక్కన ఒక గడి ఖాళీగా వదిలేవారు. మరుసటి ఏడు పోటీలు ముగిసిన సాయంత్రం కూర్చుని ఆ గడి నింపేవారు. గెలిచిన పిల్లవాడు మళ్లీ గెలిచినాడా, ఓడినాడా, అసలు వచ్చినాడా అన్నది ఆ గడిలో పడేది. తర్వాతి రోజుల్లో ఆ పుస్తకం తిరగేసే అవకాశం నాకు దొరికింది. "ఓడినాడు" అని రాసిన గడులు తక్కువ. "రాలేదు" అని రాసినవే ఎక్కువ.

నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నదంతా ఆ "రాలేదు" గురించే. మన సీమలో కాలేజీ పహిల్వాన్ల బిరుదులను ఎవరో వచ్చి గెలుచుకుపోవడం తక్కువ. నిలబెట్టుకోవడానికి మనిషే రాక అవి జారిపోతున్నాయి.

మొదటి గెలుపు పిల్లవాడి సొంతం. ఊళ్లో నేర్చిన నాలుగు పట్లు, వయసులోని చురుకు, ఎదుటివాడికి తన సంగతి తెలియకపోవడం, ఇవన్నీ మొదటి ఏడు కలిసొస్తాయి. రెండో ఏటికి అందరికీ తెలిసిపోతాడు. ఏ కాలు ముందు పెడతాడు, ఏ చెయ్యి అందుకుంటాడు, ఎంతసేపటికి ఆయాసపడతాడు, అన్నీ లెక్కగట్టుకొని వస్తారు. అప్పుడు గెలవాలంటే కొత్త పట్టు నేర్పే వస్తాదు కావాలి, తనను రోజూ పడేసే జోడీ కావాలి, ఏడాది పొడుగునా కడుపునిండా తిండి కావాలి. ఇవేవీ పిల్లవాడు ఒంటరిగా సమకూర్చుకోగలిగినవి కావు. అందుకే రెండో గెలుపు చూస్తే నాకు ఆ పిల్లవాడి వెనక ఎవరున్నారో చూడాలనిపిస్తుంది.

కాలేజీ కుస్తీలో మళ్లీ మళ్లీ గెలిచినవాళ్ల లెక్కను అందరికంటే శ్రద్ధగా రాసుకున్నది అమెరికా వాళ్లు. అక్కడ కాలేజీ కుస్తీకి జాతీయ పోటీలు 1928లో మొదలయ్యాయి. ఒక విద్యార్థికి పోటీ అర్హత నాలుగేళ్లు. చాలాకాలం మొదటి ఏడాది పిల్లలను పెద్ద పోటీలకు రానిచ్చేవారు కాదు కనుక మూడుసార్లు గెలవడమే శిఖరం. నాలుగుసార్లు గెలిచిన మొదటి మనిషి ఓక్లహోమా స్టేట్ విద్యార్థి పాట్ స్మిత్. 1990, 1991, 1992లలో గెలిచి, ఒక ఏడు ఆగి, 1994లో నాలుగోది పూర్తిచేశాడు. ఆ తర్వాత ఐయోవా స్టేట్ నుంచి కేల్ శాండర్సన్ వచ్చాడు. 1999 నుంచి 2002 దాకా నాలుగేళ్లూ అతనిదే బిరుదు. మొత్తం 159 కుస్తీలు పడితే 159 గెలిచాడు. 2004లో ఏథెన్స్‌లో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచాడు. కార్నెల్ విద్యార్థి కైల్ డేక్ 2010 నుంచి 2013 వరకు నాలుగేళ్లలో నాలుగు వేరువేరు బరువుల్లో గెలిచాడు. కరోనా వల్ల 2020 పోటీలు రద్దయ్యాయి, విద్యార్థులకు ఒక ఏడాది అదనంగా దొరికింది. ఆ ఏడాదిని వాడుకొని పెన్ స్టేట్ వాడైన కార్టర్ స్టారోచి 2021 నుంచి 2025 దాకా అయిదుసార్లు గెలిచాడు. అయిదు గెలిచినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు.

వీళ్లందరి కంటే సార్ ఎక్కువగా చెప్పింది మూడోది గెలవలేకపోయిన ఒకతని కథ. డాన్ గేబుల్. ఐయోవా స్టేట్‌లో చదువుకున్నాడు. 1968లో గెలిచాడు, 1969లో గెలిచాడు. హైస్కూలు రోజుల నుంచి కలిపితే వరసగా 181 కుస్తీలు ఓటమి లేకుండా దాటి, 1970లో ఇవాన్‌స్టన్‌లో తన ఆఖరి కాలేజీ ఫైనల్‌కు దిగాడు. ఎదురుగా వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థి లారీ ఓయింగ్స్. ఇతను గేబుల్‌తో తలపడాలనే పట్టుదలతో ఒళ్లు తగ్గించుకొని 142 పౌండ్ల విభాగానికి, అంటే మన లెక్కలో 64 కిలోలకు, దిగి వచ్చాడు. 13–11 పాయింట్లతో ఓయింగ్స్ గెలిచాడు. కాలేజీ జీవితంలో గేబుల్‌కు అదొక్కటే ఓటమి, అదీ చిట్టచివరి రోజున.

ఇక్కడి నుంచి ఇద్దరి దారులూ చూడండి. గేబుల్ 1971లో ప్రపంచ విజేత అయ్యాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఎదుటివాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం తెచ్చుకున్నాడు. ఓయింగ్స్ తర్వాతి రెండేళ్లూ కాలేజీ ఫైనల్ దాకా వచ్చాడు, రెండుసార్లూ ఓడాడు. గేబుల్‌ను ఓడించినవాడు అన్న పేరు అతని ముందు నడిచేది. ప్రతి ప్రత్యర్థీ ఆ పేరును కొల్లగొట్టడానికే వచ్చేవాడు. సార్ లెడ్జరులో అయితే ఓయింగ్స్ గడిలో "వచ్చినాడు, ఓడినాడు" అని రెండుసార్లు పడేది. అది కూడా గౌరవమైన రాతే. గెలిచినవాడు మళ్లీ గోదాలోకి దిగి, తన బిరుదును నలుగురి ముందు పెట్టి, ఓడిపోయే హక్కు సంపాదించుకున్నాడు. మన పిల్లలకు ఆ ఓటమి కూడా దక్కడం లేదన్నదే నా బాధ.

గేబుల్ తర్వాత ఐయోవా విశ్వవిద్యాలయానికి శిక్షకుడయ్యాడు. 1976 నుంచి 1997 వరకు ఆయన చేతి కింద ఆ జట్టు 15 జాతీయ బిరుదులు గెలిచింది. 1978 నుంచి 1986 దాకా వరసగా తొమ్మిది. ఏ విద్యార్థీ తొమ్మిదేళ్లు కాలేజీలో ఉండడు. పిల్లలు మారుతూ పోయారు, గెలుపు మారలేదు. అంటే గెలుపు ఆ గదిలో ఉంది, ఆ శిక్షణలో ఉంది, పై తరగతి పిల్లవాడు కింది తరగతి పిల్లవాడిని రోజూ పడేసి లేపడంలో ఉంది.

అమెరికా వాళ్లకు డబ్బుంది, మనకెక్కడిది అని అంటారు. ఈ మాట నేను చాలా సభల్లో విన్నాను. అందుకే మన దేశపు కాలేజీ పహిల్వాన్ దగ్గరికి వస్తాను. ఖాశాబా జాదవ్. సతారా జిల్లా గోలేశ్వర్ గ్రామం. పుట్టింది 1926 జనవరి 15న. కొల్హాపూర్ రాజారామ్ కాలేజీ విద్యార్థి. 1948లో కొల్హాపూర్ మహారాజు ఖర్చు పెట్టుకొని లండన్ ఒలింపిక్స్‌కు పంపించాడు. ఎర్రమట్టి గోదాలో పెరిగినవాడు అక్కడ మొదటిసారిగా మ్యాట్ మీద కుస్తీ పట్టాడు. ఫ్లైవెయిట్‌లో ఆరో స్థానం వచ్చింది.

అక్కడితో ఆగిపోతే జాదవ్ కూడా "రాలేదు" జాబితాలోనే కలిసిపోయేవాడు. 1952 హెల్సింకికి వెళ్లాలంటే డబ్బు లేదు. ఊరూరా చందాలు దండారు, చాలలేదు. అప్పుడు ఆయన కాలేజీ ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7000 రూపాయలు ఇచ్చాడు. ఒక ప్రిన్సిపాల్ తన విద్యార్థి రెండోసారి గోదాలో దిగడానికి ఇల్లు తాకట్టు పెట్టాడు! ఈ మాట చెప్పేటప్పుడు సార్ గొంతు మారిపోయేది. నాకూ ఇప్పుడు అదే అవుతోంది, మన్నించండి.

హెల్సింకిలో జాదవ్ బాంటమ్‌వెయిట్‌లో దిగాడు. కెనడా వాణ్ణి, మెక్సికో వాణ్ణి దాటాడు. జపాన్ పహిల్వాన్ షోహాచి ఇషీతో చాలాసేపు పెనుగులాడి ఓడాడు. ఆ ఇషీయే చివరికి స్వర్ణం గెలిచాడు. ఒళ్లు ఆరకముందే సోవియట్ పహిల్వాన్‌తో దిగమన్నారు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని నియమం ఉందని వాదించడానికి మన అధికారి ఒక్కడూ అక్కడ లేడు. అలసిన ఒంటితో దిగి ఓడాడు. చేతికి కాంస్యం వచ్చింది. స్వతంత్ర భారతదేశానికి ఒలింపిక్స్‌లో వ్యక్తిగతంగా వచ్చిన మొదటి పతకం అదే. సొంత ప్రాంతంలో వందకు పైగా ఎద్దులబండ్లతో ఊరేగించారు. ఆయన చేసిన మొదటి పని కుస్తీ పోటీలు పెట్టించి, వచ్చిన డబ్బుతో ప్రిన్సిపాల్ ఇంటిని తాకట్టు నుంచి విడిపించడం.

మరి మూడోసారి? 1955లో పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరాడు. మోకాలు దెబ్బతింది, మెల్‌బోర్న్ 1956 అందలేదు. 1984లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అర్జున పురస్కారం ఆయన పోయిన తర్వాత వచ్చింది. కుస్తీలో మన దేశానికి ఇంకొక ఒలింపిక్ పతకం రావడానికి 2008 దాకా, అంటే 56 ఏండ్లు పట్టింది. సుశీల్ కుమార్ బీజింగ్‌లో కాంస్యం, 2012లో లండన్‌లో రజతం తెచ్చి, ఒలింపిక్ గోదాలో పతకాన్ని రెండోసారి అందుకున్న మొదటి భారతీయుడయ్యాడు.

జాదవ్ మొదటి ప్రయాణం రాజు చలవ, రెండోది మాస్టారి చలవ. మూడోదానికి ఎవరూ లేరు.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. కుస్తీ ఇక్కడికి బయటినుంచి వచ్చింది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటగా కారిపోయాక తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడని రాశాడు. రాయలే గోదాలోకి దిగే రాజ్యంలో మల్లుడికి తిండికి లోటుండదు. తర్వాత పాలెగాళ్లు, నవాబులు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రాజ్యాన్ని కంపెనీ ప్రభుత్వం కలుపుకున్నాక ఈ ఊళ్లో పహిల్వాన్‌ను పోషించే దర్బారు లేకుండా పోయింది. కొల్హాపూర్‌లో మాత్రం శాహూ మహారాజు ఖాస్‌బాగ్ కుస్తీ మైదానమే కట్టించాడు. జాదవ్ ఆ గాలి పీల్చి పెరిగాడు. మన దగ్గర గరిడీలు, తాలింఖానాలు ఊరి చందాల మీద, వస్తాదుల మొండితనం మీద బతికాయి.

ఆదోని వైపు జాతరల్లో, ఉరుసుల్లో కుస్తీ ఇప్పటికీ ఉంది. ఎండిన చేనులోనో గుడి ముందరో మట్టి మెత్తగా చేసి గోదా కడతారు. చుట్టూ జనం, డప్పులు. బరువు తూకం ఉండదు, పెద్దమనుషులు కంటితో చూసి జోడీ కడతారు. చిన్న పిల్లలకు కొబ్బరికాయ కుస్తీలతో మొదలై, చివరి పెద్ద కుస్తీకి వెండి కడియం. బళ్లారి, రాయచూరు వైపు నుంచి పహిల్వాన్లు వస్తారు. నిరుడు కడియం గెలిచినవాడు ఈ ఏడు లంగోటా బిగించి బరిలోకి దిగితే, ఊరంతా లేచి నిలబడుతుంది. అతన్ని పడేయాలని పైఊరివాళ్లు ఏడాదిగా సాము చేసి వచ్చి ఉంటారు. జాతరలో రెండో కడియం విలువ జనానికి బాగా తెలుసు. కాలేజీల్లోనే మనం దాన్ని మరిచిపోయాం.

1947లో డాక్టర్ అబ్దుల్ హక్ స్థాపించిన ఉస్మానియా కాలేజీ మొదలు 2008లో వచ్చిన రాయలసీమ విశ్వవిద్యాలయం దాకా ఈ ఊళ్లో చదువు పెరిగింది. ఆ జాతరల పిల్లలే డిగ్రీకి వచ్చారు. వాళ్లలోంచి సార్ ఎన్నుకున్నారు. మరి ఆ పిల్లలు రెండో ఏడు ఎందుకు రాలేదు?

సార్ "రాలేదు" అని రాసి ఊరుకోలేదు, కారణం కూడా పక్కన పొడి అక్షరాలతో రాశారు. వానల్లేక శనక్కాయ పోయింది, ఇంటిల్లిపాదీ గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయినారు. పోటీల కాలమూ సుగ్గి కాలమూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కొందరికి మోకాలు పోయింది, ఆపరేషనుకు డబ్బు లేదు. కొందరు మొదటి సర్టిఫికెట్టుతోనే క్రీడా కోటాలో కానిస్టేబులు అయినారు. ఈ మాటను నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. కరువు సీమలో జీతమొచ్చే ఉద్యోగం ఇంటికి పెద్ద దిక్కు. అటువంటి గడి దగ్గర సార్ అక్షరాలు కొంచెం పెద్దవిగా, సంతోషంగా కనిపిస్తాయి. అమ్మాయిల పేర్ల పక్కన మాత్రం "పెండ్లి" అన్న ఒక్క మాట తరచుగా ఉంది. అక్కడ అక్షరాలు చిన్నవి.

అమ్మాయిల మాట వచ్చింది కనుక ఒక్క నిమిషం. మన తెలుగు నేల మీద రెండోసారి నిలబెట్టుకోవడం అంటే ఏమిటో చూపించింది ఒక అమ్మాయి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. ఆమెది వెయిట్‌లిఫ్టింగ్. 1994లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత, 1995లో గ్వాంగ్జౌలో మళ్లీ ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆమె వెనక ఆమదాలవలసలో నీలంశెట్టి అప్పన్న అనే గురువు, ఆడపిల్లలను వ్యాయామశాలకు పంపిన ఒక తల్లి ఉన్నారు. శ్రీకాకుళం మనకంటే ధనిక జిల్లా ఏమీ కాదు.

విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. బిరుదు నిలబెట్టుకునే ఆత్రంలో పాత బరువు విభాగాన్నే పట్టుకొని వేలాడవద్దు. పద్దెనిమిదేళ్లవాడు ఇరవై ఏళ్లకు ఎముక ముదిరి బరువెక్కుతాడు. అది ప్రకృతి. నీళ్లు మానేసి, రబ్బరు దుస్తులు తొడిగి, చెమటలు కార్చి పాత బరువుకు దిగాలని చూసి 1997 చివర్లో అమెరికాలో కొన్ని వారాల వ్యవధిలోనే ముగ్గురు కాలేజీ పహిల్వాన్లు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ తూకం నియమాలు మార్చారు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ పని చేయడం ప్రాణంతో ఆడుకోవడమే. నేను ముందు చెప్పిన కైల్ డేక్ ఏటా ఒక మెట్టు పైబరువుకు పోయి గెలిచాడు. మన వినేశ్ ఫోగట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 2014లో 48 కిలోలు, 2018లో 50, 2022లో 53 కిలోల విభాగాల్లో మూడుసార్లు స్వర్ణం గెలిచింది. అదే వినేశ్ 2024 పారిస్‌లో 50 కిలోలకు దిగి ఫైనల్ దాకా వెళ్లి, 100 గ్రాములు ఎక్కువ తూగిందని అనర్హురాలైంది. ఒంటితో పాటు పైకి పోండి. పై విభాగంలో గెలిచిన రెండో బిరుదు కూడా రెండో బిరుదే.

ఇక పెద్దలకు చెప్పాల్సిన మాట. పోటీలు ముగిసిన రోజు మనం శాలువాలు కప్పుతాం, ఫోటో తీయిస్తాం, నోటీసు బోర్డులో పేరు పెడతాం. ఆ మరుసటి పొద్దున ఆ పిల్లవాడు ఏం తిన్నాడో అడగం. పంట కోసుకొని విత్తనం దాచుకోని రైతు లాంటి పని ఇది. బాదంపప్పులు, నెయ్యి కొనిపెట్టమని నేను అడగడం లేదు. శనగలు పండే జిల్లా మనది. శనగలు, గుడ్లు, పాలు, జొన్నరొట్టె, పప్పు వేళకు కడుపునిండా దొరికితే మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. హర్యానాలోని రోహ్‌తక్ పిల్లల దేహం వేరు, మనవాళ్ల దేహం వేరు అనే మాటను నేను ఒప్పుకోను. అక్కడ పల్లెపల్లెనా అఖాడా ఉంది, ఒక ఇంట్లో అక్క ఆపిన చోట చెల్లెలు అందుకుంటుంది. తేడా అక్కడుంది.

పరీక్షల సంగతి కూడా చూడాలి. జట్టుతో వెళ్లిన పిల్లవాడికి హాజరు తగ్గిందని, ఇంటర్నల్ పరీక్ష పోయిందని సెమిస్టరు చెడితే, రెండో ఏడు వాళ్ల నాయన పంపడు. ఆ నాయన చేసేది తప్పని నేను అనలేను. ప్రిన్సిపాళ్లు ఇల్లు తాకట్టు పెట్టనక్కరలేదు, పోయిన పరీక్షను ఇంకొక రోజు పెడితే చాలు.

స్మారక సంఘం వారికి నా విన్నపం ఇది. సార్ పేరు మీద జమ అయిన నిధి వడ్డీతో ఏటా కొత్త విజేతలకు పతకాలు ఇవ్వాలని అనుకుంటున్నట్టు విన్నాను. పతకాలు విశ్వవిద్యాలయం ఎలాగూ ఇస్తుంది. ఆ వడ్డీని నిరుడు గెలిచిన పిల్లల మీద పెట్టండి. హాస్టలు మెస్ బిల్లు కట్టండి. ఇల్లు సుగ్గికి పోయిన పిల్లవాడు ఆ నెలలు ఇక్కడే ఉండి తినేటట్టు చూడండి. మోకాలు పోయినవాణ్ణి కర్నూలు పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి తోడు తీసుకుపోయే ఒక మనిషిని పెట్టండి. గెలిచిన అమ్మాయి ఇంటికి సంఘం తరఫున ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి, ఇంకొక్క ఏడాది పంపమని తల్లిదండ్రులను అడగండి. నిరుటి విజేతల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు కాలేజీల పీడీల దగ్గర ఉన్నాయి. జూన్‌లో కాలేజీలు తెరవకముందే ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి రావాలి. మొదటి విడతలో పత్తికొండ, ఆదోని వైపు ఊళ్లకు వెళ్లే వాళ్లలో నా పేరు రాసుకోండి.